పేరు రెక్కలది, కష్టం తోకది

(ప్రపంచ మత్స్యకారుల దినోత్సవం నాడు నల్లగొండలో జరిగిన సభలో ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ చేసిన ప్రసంగం. చెరువుల సహకార సంఘాల వాళ్లు, డిగ్రీ కాలేజీ పిల్లలు హాజరయ్యారు. రికార్డు విని ఎత్తి రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్తే. మైకు ఇంకొంచెం కిందికి దించు తమ్మీ. సరే, చాలు.

నన్ను పిలిచినవాళ్లు ఫోన్లో "సార్, చేపల మీద ఏదన్నా మాట్లాడండి" అన్నారు. సరేనని వచ్చాను. వచ్చి ముందు వరస చూశాక గుండె జారింది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరు నలభై, యాభై ఏళ్లుగా ఉదయ సముద్రంలో, డిండిలో, సాగర్ వెనక నీళ్లలో వల వేస్తున్నవాళ్లు. వీళ్లకు నేను కొర్రమట్ట గురించి చెబితే తాతకు దగ్గులు నేర్పినట్టే. అందుకే ఒక ఉపాయం పన్నాను. మీ వలలో ఎన్నడూ పడని చేపను పట్టుకొచ్చాను. (నవ్వులు)

మనం ఊరి చెరువుకు సముద్రం అని పేరు పెట్టుకున్నవాళ్లం. అసలు సముద్రం ఇక్కడి నుంచి గీత గీసి కొలిస్తే దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరం. ఆ సముద్రంలో నీళ్లు వదిలి గాల్లో పోయే చేపలున్నాయి. ఒకటి కాదు, రెండు కాదు, అరవైకి పైగా జాతులు. ఎక్కువ భాగం జానెడు, జానెడున్నర పొడుగుంటాయి. వీపు నీలం, పొట్ట వెండి.

ఇందాక టీ తాగుతుంటే ఆ ఎర్ర తువాలు పెద్దాయన నన్ను అడిగాడు. "ఎగిరే చేపంటే అంత గొప్పేముంది సారూ? మత్తడి దుంకినప్పుడు మా చేపలు ఎగురుతలేవా?" అని. ఆ ప్రశ్నతో నేను రాసుకొచ్చిన కాగితం సగం పనికిరాకుండా పోయింది. మంచిదే అయింది.

ఆయన చెప్పింది నిజం. చెరువు మత్తడి దుంకుతుంటే చేప ఎదురెక్కుతుంది. ఒంటిని విల్లులా వంచి ఒక్క దుముకు దుముకుతుంది. సిల్వర్ కార్ప్ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. వల దగ్గరికి లాగుతుంటే తలెత్తు ఎగిరి అవతల పడుతుంది. ఆ చేప మనది కాదు, 1959లో జపాన్ నుంచి మన దేశానికి తెచ్చారు. అమెరికా వాళ్లు కూడా 1970లలో నీళ్లలో పాచి తింటుందని తెప్పించుకున్నారు. అది చెరువులు దాటి మిసిసిప్పీ, ఇల్లినాయ్ నదుల్లో నిండిపోయింది. అక్కడ మోటారు పడవ చప్పుడుకు బెదిరి మూడు మీటర్ల ఎత్తు దాకా లేస్తుంది, పడవలో ఉన్నవాళ్ల మొహాలు వాచేట్టు తగులుతుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో "ఎగిరే చేపలు" అని తిరిగే వీడియోలు చాలా వరకు దానివే.

కానీ అది దుమకడం. దుమికిన చేప నీళ్లు వదిలిందంటే దాని చేతిలో ఇంకేమీ లేదు. అప్పటి నుంచి కింద పడేదాకా దానికీ విసిరిన రాయికీ తేడా లేదు. ఎగిరే చేపకు మాత్రం నీళ్లు వదిలాకే అసలు కథ మొదలవుతుంది, ఎందుకంటే దానికి రెక్కలున్నాయి.

పదకొండేళ్లు నేను పిల్లలకు ఇట్లనే పాఠం చెప్పాను. బోర్డు మీద చేప బొమ్మ వేసేవాణ్ణి. ఇటొక రెక్క, అటొక రెక్క, గద్ద రెక్కలంత. తోక మాత్రం ఏదో ఉండాలి కాబట్టి ఉన్నట్టు చిన్నగా గీసేవాణ్ణి. "రెక్కలు ఆడిస్తూ ఎగురుతుంది, రాసుకోండి" అనేవాణ్ణి. పాపం, వాళ్లు రాసుకున్నారు. పరీక్షల్లో అదే రాశారు. నేనే మార్కులు వేశాను. (నవ్వులు) ఇవాళ ఆ పిల్లలు ఎవరైనా ఈ హాల్లో ఉంటే క్షమించాలి.

నా తప్పు నాకు తెలిసింది ఓడ మీద. ఒక ఎండాకాలం సెలవుల్లో మద్రాసు నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లాను, అండమాన్‌కు. మూడు రోజుల ప్రయాణం. తెప్ప తప్ప ఇంకేమీ ఎక్కని మనిషిని కదా, మొదటి రోజంతా వాంతులు. రెండో రోజు పొద్దున కొంచెం తేరుకొని ఓడ ముందు భాగాన కమ్మీ పట్టుకొని నిలబడ్డాను. సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. ఓడ ముక్కు నీళ్లు చీల్చుకుంటూ పోతుంటే పక్క నుంచి పిచ్చుకల గుంపు ఒకటి లేచింది. నడి సముద్రంలో పిచ్చుకలేమిటా అని చూస్తే చేపలు!

నేను రెక్కలే చూద్దామనుకున్నాను. చూపు నీళ్ల మీద పడింది. ఒక్కో చేప వెనక ఒక్కో గీత. టైలరు బట్ట మీద సుద్దతో వంకరటింకరగా గీసినట్టు ఎడమకూ కుడికీ మెలికలు తిరుగుతూ సాగుతున్న గీత. కొంత దూరం సాగి హఠాత్తుగా ఆగిపోతుంది. గీత ఆగిన చోటి నుంచి చేప గాల్లో ఉంది. రెక్కలు? కొయ్యబారినట్టు చాపి ఉన్నాయి. ఒక్కసారి కూడా ఆడలేదు.

ఆ గీత గీసింది తోక.

పోర్ట్ బ్లెయిర్‌లో మన తెలుగు మత్స్యకారులు చాలామంది ఉన్నారు, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఎప్పుడో వెళ్లి స్థిరపడ్డవాళ్లు. అక్కడి చేపల మార్కెట్లో ఒక అమ్మ దగ్గర నాలుగు ఎగిరే చేపలు కనిపించాయి. నేను రెక్క విప్పదీసి చూస్తున్నాను, పలచటి పొర, లోపల గొడుగు పుల్లల్లాగా ముళ్లు. ఆమె నవ్వి, "అందరూ రెక్కే చూస్తారు బాబూ, దాని బలం తోకలోనే ఉంది" అంది. తోక చీలి రెండు కొమ్మలుగా ఉంది. పై కొమ్మ పొట్టిది. కింది కొమ్మ బాగా పొడుగు, గట్టిగా, కత్తిలాగా ఉంది. చేపల తోకలు ఎన్నో కోసి చూసినవాణ్ణి, ఆ తేడా నాకు పుస్తకంలో కనపడలేదంటే నేనే చూడలేదన్నమాట.

ఇప్పుడు దాని పని చెబుతాను, ఇది కొంచెం నెమ్మదిగా చెప్పుకోవాలి.

నీళ్లలో ఉన్నప్పుడు రెక్కలు రెండూ ఒంటికి అంటించుకొని ఉంటుంది. వెనక ఏదో తరుముతున్నదంటే గంటకు 35 కిలోమీటర్ల దాకా వేగం అందుకొని, ఏటవాలుగా నీటి పై పొరను చీల్చుకొని తల బయట పెడుతుంది. ఒళ్లు బయటికి రాగానే రెక్కలు విప్పుతుంది. కానీ వెంటనే ఎగిరిపోదు. ఒళ్లంతా గాల్లో ఉంటుంది, తోక కింది కొమ్మ మాత్రం ఇంకా నీళ్లలోనే ఉంటుంది. ఆ కొమ్మను సెకనుకు 50 నుంచి 70 సార్లు ఆడిస్తుంది.

సెకనుకు 50 సార్లంటే ఎంతో మీకు అర్థమయ్యేట్టు చెప్పాలి. మీ బోరులో దించిన మోటారు మీద నిమిషానికి 2,880 చుట్లు అని రాసి ఉంటుంది, చూసే ఉంటారు. అరవైతో భాగించండి. సెకనుకు 48. త్రీఫేజ్ కరెంటు తాగి మీ మోటారు తిరిగినంత వేగంగా, కొన్నిసార్లు అంతకంటే వేగంగా, ఆ జానెడు చేప తోక ఆడుతుంది. దానికి స్టార్టరు లేదు, కాలిపోవడం లేదు. (నవ్వులు)

ఇట్లా ఎందుకు? తెప్ప మీద నిలబడి గడ వేసే మనిషిని గుర్తు తెచ్చుకోండి. ఒళ్లు గాల్లో ఉంది, గడ నీళ్లలో ఉంది. అదే మనిషి మెడలోతు నీళ్లలో నడిచి పోవాలంటే? నీళ్లు ఒంటిని పట్టుకుంటాయి. గాలి కంటే నీళ్లు ఎనిమిది వందల రెట్లు బరువైనవి. చేప తన ఒంటిని నీళ్ల పట్టు నుంచి బయటికి తీసేసింది, కానీ తొయ్యడానికి నీళ్లే కావాలి కాబట్టి ఒక్క తోకను అందులో ఉంచుకుంది. వేగం ఇప్పుడే పెరుగుతుంది. నీళ్లలో 35 ఉన్నది ఈ పరుగులో గంటకు 60 కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. విమానం రన్‌వే మీద ఉరికినట్టే. ఆ తర్వాతనే తోక పైకెత్తి గాల్లోకి తేలిపోతుంది.

ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా దీని మీద బాగా కొట్లాడుకున్నారు. రెక్కలు ఆడిస్తుంది, మేం చూశాం అని కొందరు ఓడ కెప్టెన్లు ప్రమాణాలు చేశారు. పరుగెత్తేటప్పుడు తోక అదురుకు ఒళ్లంతా వణుకుతుంది, రెక్కల అంచులూ వణుకుతాయి, దూరం నుంచి ఆడిస్తున్నట్టే ఉంటుంది. 1940ల మొదట్లో అమెరికాలో హెరాల్డ్ ఎడ్గర్టన్ అనే ఇంజనీరు, సెకనులో చిన్న ముక్కను పట్టే మెరుపు దీపాలతో రాత్రిపూట వీటి ఫోటోలు తీశాడు. ఆ ఫోటోల్లో రెక్కలు చాపి ఉన్నాయి, తోక నీళ్ల మీద మెలికల గీత గీస్తున్నది. నేను ఓడ మీద చూడడానికి చాలా ఏళ్ల ముందే ఫోటోలు ఉన్నాయన్నమాట. చదవకపోతే ఇట్లనే ఉంటుంది.

మరి రెక్కలు ఉత్తవా? ఉత్తవి కావు. పిల్లలూ, ఇక్కడ చిన్న లెక్క చేద్దాం, కాగితం తియ్యకండి, నోటితోనే.

చేప సెకనుకు 18 మీటర్ల వేగంతో, 15 డిగ్రీల వాలులో పైకి లేచిందనుకోండి. అదే వేగంతో అదే వాలులో రాయి విసిరితే ఎంత దూరం పోతుంది? 16, 17 మీటర్లు. ఎగిరే చేప ఒక్క ఊపులో 50 మీటర్లు పోతుంది. ఆ మిగిలిన ముప్పై చిల్లర మీటర్లు రెక్కల సంపాదన. 2010లో దక్షిణ కొరియాలో, సియోల్‌లో, ఎగిరే చేపను ఎండబెట్టి, లోపల దట్టించి, రెక్కలు చాపి, గాలి సొరంగంలో పెట్టి కొలిచారు. గాలి దాన్ని వెనక్కి లాగే బలం ఒకటైతే పైకి మోసే బలం దానికి నాలుగింతలకు పైగా, 4.4 రెట్లు వచ్చింది. అంటే ఒక మీటరు ఎత్తు ఖర్చు పెడితే నాలుగు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. ఇది కొన్ని పక్షులతో సమానం.

అదేంటి సార్, చేప ఎగిరేది మీటరు, మీటరున్నర ఎత్తులోనే కదా, నాలుగింతలైతే ఆరు మీటర్లే కదా అని ఎవరైనా అడగాలి. ఎవరూ అడగలేదు, నేనే అడుగుతున్నాను. దాని దగ్గర ఎత్తు లేదు, వేగం ఉంది. సెకనుకు 18 మీటర్ల వేగం పదికి తగ్గేదాకా వాడుకుంటే, అది పదకొండు మీటర్ల ఎత్తు నుంచి దిగినంత సొత్తు. పదకొండును 4.4తో గుణించండి. దాదాపు 50. లెక్క సరిపోయిందా? ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చింది మరి? తోక నుంచి. రెక్క ఖర్చు పెట్టేది. తోక సంపాదించేది. మన ఇళ్లలో కూడా... సరే, వద్దులెండి. (నవ్వులు)

ఇంకో సంగతి, నీళ్లకు ఆనుకొని పోవడంలో లాభం ఉంది. సాగర్ మీద నీటికాకులు నీళ్లను తాకీ తాకనట్టు బారులుగా పోవడం చూసే ఉంటారు. రెక్క చివర్లో గాలి సుడి తిరిగి కొంత బలం వృథా అవుతుంది. కింద నీటి పొర దగ్గరగా ఉంటే ఆ సుడికి అడ్డం పడుతుంది, వెనక్కి లాగే బలం తగ్గుతుంది. ఫ్రెంచివాళ్లు సముద్రానికి ఆనుకొని దూసుకుపోయే క్షిపణి చేసి దానికి ఎక్సోసెట్ అని ఈ చేప పేరే పెట్టారు. 1982లో ఫాక్లాండ్స్ యుద్ధంలో బ్రిటన్ యుద్ధనౌక షెఫీల్డ్‌ను ముంచింది అదే. చేప పేరు అట్లా పేపర్లకెక్కింది.

ఆ పేరు కథ వేరే ఉంది. పాత గ్రీకువాళ్లు ఈ చేప రాత్రిళ్లు సముద్రం వదిలి ఒడ్డు మీద పడుకుంటుందనుకున్నారు. 'బయట పడుకునేది' అని పేరు పెట్టారు. ఆ పేరే ఇవాళ శాస్త్రంలోనూ ఉంది. పొద్దున్నే ఇసుక మీద, పడవల్లో పడి ఉన్నవాటిని చూసి ఉంటారు. దీపం వెలుగుకు వచ్చి పడవల్లో పడడం దీనికి అలవాటు. 1947లో థోర్ హెయర్‌డాల్ అనే నార్వే ఆయన పెరూ నుంచి కట్టె తెప్ప మీద పసిఫిక్ సముద్రం దాటాడు, 101 రోజులు. తెల్లవారగానే తెప్ప మీద పడి ఉన్న ఎగిరే చేపలను ఏరుకొని పొద్దుటి పూట వేయించుకునేవారట. వల లేదు, గాలం లేదు, చేప తనే పెనం దగ్గరికి వస్తుంది. మన దగ్గర అట్లాంటి చెరువు ఒకటి ఉంటే బాగుండు.

సరే, ఒకసారి ఎగిరితే 50 మీటర్లు అన్నాను కదా. వేగం తగ్గి కిందికి దిగుతుంటే నీళ్లలో మునగదు. తోక కొమ్మ ఒక్కటీ నీళ్లకు తగిలించి మళ్లీ ఆడిస్తుంది, మళ్లీ లేస్తుంది. చిన్నప్పుడు చిల్లపెంకు అడ్డంగా విసిరి చెరువు మీద కప్పగంతులు వేయించేవాళ్లం కదా. పెంకు ప్రతి గంతుకూ నీరసపడుతుంది. ఈ చేప ప్రతి గంతుకూ మళ్లీ బలం పుంజుకుంటుంది. ఇట్లా గొలుసుకట్టుగా 400 మీటర్ల దాకా పోగలదు. 2008 మే నెలలో జపాన్‌లో, యకుషిమా దీవి దగ్గర, ఎన్‌హెచ్‌కే టీవీ వాళ్లు పడవలో పోతూ పక్కనే ఎగురుతున్న చేపను వీడియో తీశారు. 45 సెకన్లు గాల్లో ఉంది. మధ్యమధ్య తోక తగిలించుకుంటూ.

ఇప్పుడు వెచ్చటి సముద్రాల సంగతి. ఎగిరే చేపలు భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉండే వెచ్చని నీళ్లలోనే దొరుకుతాయి. నీళ్లు 20 డిగ్రీల కంటే చల్లబడిన చోట సాధారణంగా కనపడవు. రెక్కలకు చలేస్తుందా? నిపుణులు ఎక్కువగా చెప్పే కారణం మళ్లీ తోక దగ్గరికే వస్తుంది. చేప ఒంటికి సొంత వేడి లేదు, నీళ్లు ఎంత వేడిగా ఉంటే కండ అంత వేడిగా ఉంటుంది. చల్లబడిన కండ మెల్లగా ముడుచుకుంటుంది. మీకు నేను చెప్పాలా? సంక్రాంతి ముందు చలిలో తెల్లారుజామున చేప ఎట్లా మందంగా ఉంటుంది, గాలానికి కూడా రాదు. సెకనుకు 50 సార్లు ఆడాల్సిన తోక పాతికసార్లే ఆడితే ఎగరడానికి చాలినంత వేగం రాదు. వోల్టేజీ పడిపోయిన మోటారు మూలిగినట్టు, నీళ్లు మాత్రం పైకి రావు. అందుకే చల్లటి సముద్రాల్లో వీటికి చోటు లేదు. మన బంగాళాఖాతం చాలా కాలం 27, 28 డిగ్రీలుంటుంది, దానికి సరిపోతుంది.

ఎందుకు ఎగురుతాయంటే, చావు తప్పించుకోవడానికి. నీళ్లలో కంటే గాల్లో పోతే శ్రమ తక్కువ, అందుకే ఎగురుతాయని ఒక వాదం ఉంది. తోక ఆ వేగంతో ఆడించడానికి అయ్యే ఖర్చు తలుచుకుంటే నాకు అది నమ్మబుద్ధి కాదు. ట్యూనా, మార్లిన్, డాల్ఫిన్ చేప (మనకు తెలిసిన డాల్ఫిన్ కాదు, ఆ పేరున్న వేరే పెద్ద చేప), ఇవన్నీ కింది నుంచి తరుముతాయి. ఎగిరే చేప నీళ్లు వదిలిందంటే తరిమేదానికి కనపడకుండా పోతుంది, ఎక్కడ దిగుతుందో తెలియదు. అయినా ముందు నుయ్యి, వెనక గొయ్యి. గాల్లో ఫ్రిగేట్ పక్షులు కాచుకొని ఉంటాయి, లేచినదాన్ని లేచినట్టే ముక్కుతో అందుకుంటాయి. డాల్ఫిన్ చేప కూడా తక్కువది కాదు, కిందనే వెంబడించి దిగే చోటికి వచ్చి నోరు తెరుస్తుంది.

కళ్ల గురించి కూడా ఒక మాట. మనం చెరువులో మునిగి కళ్లు తెరిస్తే అంతా మసక. చేపకు బయటికొస్తే మసక, దాని కన్ను నీళ్ల కోసం చేసింది. కొన్ని ఎగిరే చేపల్లో కంటి ముందు పొర గుండ్రంగా కాకుండా, మూడు బల్లపరుపు అద్దాలు అతికించినట్టు ఉంటుంది. దాంతో నీళ్లలోనూ గాల్లోనూ చూపు ఆనుతుంది. ఇంకా ఒంట్లో అనవసరమైన బరువు లేదు. కడుపు కోస్తే సంచి లాంటి జీర్ణాశయం కనపడదు, నోటి నుంచి నేరుగా పేగే.

రెక్కల్లో రెండు రకాలు. కొన్నిటికి చెంపల పక్క ఉండే రెండు రెక్కలే పెద్దవి. కొన్నిటికి పొట్ట కిందివి కూడా పెద్దవి, అంటే నాలుగు రెక్కలు. నాలుగు రెక్కలవాటికి బరువు మోసే బలం, నిలకడ రెండూ ఎక్కువ. పిల్లలు పుస్తకంలో చూసుకోండి, దాని జోలికి ఇంక పోను.

ఈ పద్ధతి ఇప్పటిది కాదు. చైనాలో, గుయిజౌ ప్రాంతంలో దొరికిన ఒక శిలాజం గురించి 2012లో రాశారు. పొటానిక్తిస్ అని పేరు. ఇరవై మూడు, ఇరవై నాలుగు కోట్ల ఏళ్ల కిందటిది, రాక్షస బల్లులు ఇంకా సరిగ్గా తల ఎత్తని కాలం. నాలుగు రెక్కలు, కింది కొమ్మ పొడుగున్న తోక. ఇవాళ్టి ఎగిరే చేపలకు అది చుట్టం కూడా కాదు. దాని వంశం అంతరించింది. మళ్లీ కొత్తగా వేరే వంశం అదే రెక్క, అదే పొడుగు తోక కొమ్మ తెచ్చుకుంది.

మనం మృగశిర కార్తె నాడు చేప తినకపోతే ఆ ఏడు ఏదో వెలితి. నల్లగొండలో, పాలమూరులో ఆ రోజు చేపల ధర అడగడానికే భయమేస్తుంది. తైవాన్ పక్కన లాన్యూ అనే చిన్న దీవి ఉంది. అక్కడి తావో జనానికి ఏడాది లెక్కే ఎగిరే చేపతో నడుస్తుంది. వసంతంలో చేపలు వచ్చే నెలలు ఒక కాలం, అవి వెళ్లిపోయాక ఇంకో కాలం. ఆ నెలల్లో రాత్రిళ్లు కాగడాలు వెలిగించి పడవల మీద వెళతారు. పట్టినవాటిని ఎండగట్టుకుంటారు. కాలం దాటాక పట్టకూడదు, ఫలానా రోజు తర్వాత నిలవ చేప కూడా తినకూడదు అని కట్టుబాట్లున్నాయి. గుడ్లు పెట్టే కాలంలో వల వెయ్యొద్దని మనకు ఆఫీసర్లు చెబితే ఎంత చికాకో నాకు తెలుసు. వాళ్లకు తాతలు చెప్పారు.

కరీబియన్‌లో బార్బడోస్ అనే దేశం ఉంది, వాళ్ల డాలరు నాణెం మీద ఎగిరే చేప బొమ్మ. పక్కనున్న ట్రినిడాడ్ నీళ్లలోకి పోయి ఈ చేపలు పట్టుకునే హక్కు కోసం అంతర్జాతీయ పంచాయితీ దాకా వెళ్లారు, 2006లో తీర్పు వచ్చింది. చెరువు మాదంటే మాదని రెండు ఊళ్లు కొట్లాడుకోవడం మన దగ్గరే ఉందనుకోకండి.

మన పక్కనే తమిళనాడులో, నాగపట్నం వైపు, దీన్ని కోలా అంటారు. ఎండాకాలంలో గుడ్లు పెట్టడానికి గుంపులుగా వస్తుంది. దీని గుడ్డుకు జిగురు పోగులుంటాయి, తేలే నాచుకో ఆకుకో చుట్టుకోవాలి. అది తెలిసిన పాతకాలపు జాలర్లు ఆకుల మోపులు కట్టి సముద్రంలో తేలేసేవారు. చేపలు వాటి మీద పడేవి, తోడుకున్నట్టు తోడుకునేవారు. ఆ తీరంలో దొరికే ఒక జాతికి 1923లో జేమ్స్ హార్నెల్ అనే ఆయన పెట్టిన పేరులోనే కోరమాండల్ ఉంది. మన రైలు పేరు కాదు, తీరం పేరు.

నా మాటలు అయిపోయాయి. మీరు అడగండి.

(ఒక అమ్మాయి: గాల్లో ఉన్నంతసేపు ఊపిరి ఎట్లా తీసుకుంటది సార్?)

తీసుకోదమ్మా. బిగబట్టుకోవడమే. మొప్పలకు నీళ్లు తగలాలి కదా. మామూలుగా నాలుగైదు సెకన్లు, పది సెకన్ల పని. ఆ జపాన్ చేపకు 45 సెకన్లు. పాపం, దాని పరిస్థితి ఏమిటో వీడియోలో తెలియదు.

(ఒక అబ్బాయి: మన దగ్గర ఎండ తక్కువ లేదు కదా సార్. సాగర్‌లో తెచ్చి వేస్తే ఎగరవా?)

బాగా అడిగావు. వేడి ఉంటే చాలదు. అది ఉప్పునీటి చేప, మన నీళ్లలో బతకదు. ఇంకా, దాని కళ్లకు తేట నీళ్లు కావాలి, ఎదురుగా ఏ కట్టా, ఏ రాయీ లేని మైదానం కావాలి. 400 మీటర్ల పరుగు మొదలుపెడితే మన చెరువు కట్టకు గుద్దుకుంటుంది. (నవ్వులు) అయినా నిరాశపడకు. దాని దాయాది ఒకటి మన కృష్ణలోనే ఉంది. సన్నగా కర్ర ముక్కలాగా, మూతి పొడుగ్గా కొంగ ముక్కులాగా, రెండు దవడల నిండా పళ్లు, ఎప్పుడూ నీటి పై పొర మీదే తిరుగుతుంటుంది. మీరు చూసే ఉంటారు. అదీ ఎగిరే చేపా ఒకే గణానికి చెందినవి. దానికి రెక్కలు మాత్రం పెరగలేదు.

(ఎర్ర తువాలు పెద్దాయన: ఆ పొడుగు మూతిది నాకెరుకే సారూ. రాత్రిపూట లైటు ఏస్తే నీళ్ల మీద చిందులేస్తది. ఒక్కోసారి తోక మీదనే ఉరుకుతది. మా పడవల కూడ పడ్డది.)

తోక మీదనే ఉరుకుతుందా? మీరు చూశారా?

(పెద్దాయన: నేను అబద్ధం చెప్తనా?)

లేదు లేదు, మీరు చెబితే నిజమే. సముద్రంలో దాని అన్నదమ్ములు అట్లా ఉరుకుతాయని చదివాను. మన నీళ్లలో ఉరుకుతుందని నాకు ఇవాళే తెలిసింది. ఈసారి వలలో పడితే దాన్ని పారెయ్యకండి. నా ఫోన్ నంబరు మన సంఘం వాళ్ల దగ్గర ఉంది. రాత్రి పదైనా సరే, పన్నెండైనా సరే, పిలవండి. లైటు నేను తెచ్చుకుంటాను.

(పెద్దాయన: పడవల వాంతులు చేసుకోవు కదా?)

(నవ్వులు, చప్పట్లు)